రంగమహల్ లేని రెసిడెన్సీ

చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఆడపిల్లలం చాలామందిమి నారాయణగూడ మీదుగా కిక్కిరిసిన బస్సుల్లో కోఠీ విమెన్స్ కాలేజీకి వెళ్ళి చదువుకున్నవాళ్ళమే. ఆ ఆవరణలోనే ఒక స్త్రీ ఉన్న ఇంటిని నేలమట్టం చేశారని మాకెవరూ చెప్పలేదు.

బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో ఈ భవనం మొదలుపెట్టించాడు. సొమ్ము నిజాముది, నక్షా మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్‌ది. ముందువైపు ఎత్తయిన కొరింథియన్ స్తంభాలు, విశాలమైన మెట్లు, సింహాల బొమ్మలు. వెనకవైపు, అతను పెళ్ళాడిన హైదరాబాదీ కులీన యువతి ఖైరున్నీసా కోసం మొగలాయి పద్ధతిలో రంగమహల్. పరదా వల్ల ఆమె భవనం ముందుభాగం చూడలేకపోయిందనీ, అందుకే ఆమె తోటలో దాని చిన్న నమూనా కట్టించాడనీ చెప్పుకుంటారు. భర్త ఇల్లు ఆమెకు బొమ్మగానే దక్కిందన్నమాట!

1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపేశారు. అదే ఏడు కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో పోయాడు. పిల్లల్ని మళ్ళీ చూడకుండానే 1813లో ఖైరున్నీసా కన్నుమూసింది.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ తర్వాత రక్షణ గోడలు బలపడ్డాయి. స్కాట్లాండు పాత బురుజు ఇళ్ళలో యుద్ధభయం తగ్గాక కిటికీలు పెద్దవి చేసుకున్నారు. ఇక్కడ భయం పెరిగి గోడలు లేచాయి. 1860 ప్రాంతంలో రంగమహల్‌ను కూల్చేశారు. తెల్లదొర దేశీ భార్యతో కాపురం చేసిన గదులు పాలకుల కొత్త నీతికి కంటగింపయ్యాయి. అధికారం కొలువున్న స్తంభాలు మాత్రం చెక్కుచెదరలేదు.

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారు 1928లో స్థాపించిన తెలుగు బాలికల పాఠశాలకు ఉస్మానియా గుర్తింపు దొరక్క, పుణెలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించాల్సివచ్చింది. అదే ఉస్మానియా మహిళా కళాశాల 1949లో రెసిడెన్సీలోకి చేరింది. దర్బారు హాలు ఆడపిల్లలదైంది. ఈ భవనానికి జరిగిన మార్పులన్నిటిలోకీ పెద్దది ఇదేనంటాను.

2002లో ప్రపంచ స్మారక నిధి దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తర్వాత మరమ్మతులు జరిగాయి. 2022లో కళాశాల విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. తన భూమి కోసం దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన స్త్రీ పేరది. ఆ పేరున్న చోట, చోటు పోగొట్టుకున్న ఖైరున్నీసాను ప్రేమకథలో నాయికగా మాత్రమే తలుచుకుంటే సరిపోతుందా? వారసత్వమంటే మిగిలిన స్తంభాలొక్కటేనా? కూల్చిన గదుల్ని కూడా అక్కడి అమ్మాయిలకు పాఠంగా చెప్పాలి.