గూట్లో పళ్ళెం, కొరియా కుండ

పోయినసారి తాత పెనుకొండ వైపు నుంచి బెంగళూరు వచ్చిన కథ రాశాను. ఈసారి మన ఇంటి తిండి గురించి, అందులోనూ మనం ఎప్పుడూ మాట్లాడుకోని ఒక సంగతి గురించి. నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని, తెలుగు రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మొన్న అక్క కూతురు అడిగింది, "పిన్నీ, ఎంగిలి అంటే ఏంటి?" అని. ఏదో పాత సినిమాలో విన్నదంట. ఆ పిల్ల ఫ్రెండ్సు సగం కొరికిన శాండ్‌విచ్ కూడా తింటుంది. ఒకరి నోరు తగిలినది ఇంకొకరు తినకూడదనే పద్ధతి అని చెప్పాను. చెప్పాక నాకే ఆలోచన వచ్చింది. ఆ పద్ధతి మన ఇంట్లోంచి ఎప్పుడు పోయింది? నా మటుకు అది మహదేవపురలో ఒక కొరియా హోటల్లో పోయింది. కానీ కథ తాతతో మొదలవుతుంది.

కె.ఆర్. పురం పక్కన దూరవాణినగరలో ఐ.టి.ఐ. ఫ్యాక్టరీ 1948లో వచ్చింది. దేశంలో టెలిఫోన్లు అక్కడే తయారయ్యేవి. తాత 1957లో చేరారు. తెలుగువాళ్ళు, తమిళులు, మలయాళీలు, కన్నడిగులు అందరూ ఒకే షెడ్డులో పని. మధ్యాహ్నం మాత్రం తాత క్యాంటీనుకి పోకుండా క్యారియర్లో సంగటి పట్టుకుని చెట్టుకింద కూర్చునేవారంట. క్యాంటీను తిండి బాగాలేక కాదు. ఎవరు వండినారో, పక్కన ఎవరు కూర్చుంటారో అని. అట్లా రెండేళ్ళు గడిచింది. ఒక వానాకాలం చెట్టుకింద కూర్చోవడానికి లేక లోపలికి పోయి బెంచీ మీద కూర్చున్నారు. మళ్ళీ బయటికి రాలేదు. "ఆ వాన నా కులాన్ని కడిగేసింది" అని నవ్వేవారు.

ఆ వాన మన ఇంటి దాకా రాలేదు. ఇంట్లో అవ్వ పద్ధతి అవ్వదే. మన స్టీలు పళ్ళాలన్నిటి మీదా తాత పేరు చెక్కి ఉంటుంది. వెనక గోడ గూట్లో ఒక పళ్ళెం, ఒక లోటా ఉండేవి. వాటి మీద పేరు లేదు. అవి "బయటివాళ్ళకి". అంతకుమించి ఎవరూ వివరించలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు మహదేవపురకి వద్దాం. దూరవాణినగరకి ఇది పెద్ద దూరమేం కాదు. హూడి, గరుడాచారపాళ్య, దొడ్డనెక్కుంది అన్నీ చెరువులు, రాగి చేలు ఉన్న ఊళ్ళు. 1990లలో వైట్‌ఫీల్డు దారిలో ఐ.టి.పి.ఎల్. వచ్చింది, తరువాత ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా అద్దాల భవనాలు లేచాయి. 2007లో మహదేవపుర పురసభ బెంగళూరు మహానగర పాలికెలో కలిసిపోయింది. శామ్‌సంగ్ సాఫ్ట్‌వేరు కేంద్రం 1996లోనే బెంగళూరులో మొదలైంది, ఇప్పుడు దొడ్డనెక్కుందిలో ఉంది. ఎల్.జి. సాఫ్ట్‌వేరు వాళ్ళూ రింగ్ రోడ్డు మీదే ఉన్నారు. ఈ కంపెనీలతో కొరియావాళ్ళు వచ్చారు, వాళ్ళ వెంట వాళ్ళ వంట వచ్చింది. మొదట క్యాసిల్ స్ట్రీట్‌లో హే కుం గాంగ్, కమ్మనహళ్ళి వైపు ఇంకొన్ని హోటళ్ళు. తరువాత మెల్లగా మన వైపు కూడా.

2018లో మా ప్రాజెక్టుకి కొరియా క్లయింటు తరఫున ఒకామె వచ్చింది. ఊరు దేగు. పేరు రాయను. పరిచయమైన మొదటి పది నిమిషాల్లోనే "నీ వయసెంత?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. తరువాత తెలిసింది, కొరియా భాషలో ఎదుటివాళ్ళ వయసు తెలియకపోతే క్రియాపదం ఎలా ముగించాలో తెలియదు. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే. నాకంటే ఐదేళ్ళు పెద్ద. ఆడపిల్ల తనకంటే పెద్దామెని "ఒన్ని" అని పిలుస్తుందంట. అక్క అన్నమాట. ఆరోజు నుంచి ఆమె నాకు ఒన్ని.

శుక్రవారాలు మేము నలుగురం కలిసి తినేవాళ్ళం. ఒన్ని, హాసన నుంచి ఒక అబ్బాయి, విజయవాడ అమ్మాయి, నేను. కొత్త హోటలు కనిపెట్టడం ఒక ఆట అయిపోయింది. బోర్డు మీద కొరియా అక్షరాలు కనిపిస్తే చాలు, బండి ఆపేవాళ్ళం.

మొదటిసారి వెళ్ళినప్పుడు టేబులు నిండా చిన్న గిన్నెలు పెట్టారు. మొలకలు, ఆకుకూర, ముల్లంగి, కిమ్చి. వీటిని బాన్‌చాన్ అంటారు, అన్నంలోకి నంజుకునేవి. ఒక్కొక్కరికి అన్నం గిన్నె వేరుగా ఇచ్చారు. మధ్యలో మాత్రం నల్లటి మట్టికుండలో ద్వెంజాంగ్ జిగే కుతకుతా ఉడుకుతోంది. సోయా గింజలు పులియబెట్టిన ముద్దతో చేసే పులుసు అది. ఒన్ని తన చెంచా అందులో ముంచి తాగింది. మళ్ళీ ముంచింది. హాసన అబ్బాయి ముంచాడు. నా చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఎంగిలి! ముప్పై ఏళ్ళు వస్తున్నా, చదువుకున్నా, ఉద్యోగం చేస్తున్నా చెయ్యి కదల్లేదు. ఒన్ని చూసి ఏమీ అనకుండా ఒక చిన్న గిన్నె తెప్పించి నాకు వేరుగా పోసింది. అది మర్యాదే. కానీ నా గిన్నె చూస్తే గూట్లో పళ్ళెం గుర్తొచ్చింది. ఈసారి బయట ఉన్నది నేను. మూడో శుక్రవారం నేనూ కుండలో చెంచా ముంచాను.

2019 ఉగాదికి ఒన్నిని ఇంటికి పిలిచాను. అవ్వ స్వయంగా ఓళిగలు పెట్టింది. గూట్లో పళ్ళెంలో పెట్టింది. అమ్మ చూసింది, నేనూ చూశాను. ఇద్దరం నోరు తెరవలేదు. ఒన్ని రెండు చేతులా పళ్ళెం అందుకుంది. పెద్దవాళ్ళు ఇస్తే అట్లాగే తీసుకోవాలి వాళ్ళలో. తింటూ తింటూ నా పళ్ళెం మీది అక్షరాలు చూపించి, "ఏం రాసుంది? నా దాని మీద లేదే?" అంది. పాతది, అరిగిపోయింది అన్నాను. టెస్టింగ్‌లో నా పనే తప్పు కనిపిస్తే రాసి పెట్టడం. ఆరోజు తప్పు కళ్ళముందు పెట్టుకుని అబద్ధం చెప్పాను.

రెండు వారాలు మనసు ఊరుకోలేదు. ఒక శుక్రవారం నిజం చెప్పేశాను. ఒన్ని కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆమె చెప్పింది నేను ఊహించనిది. ఒకే కుండలో అందరూ తినడం కొరియాలో అనాదిగా అందరి ఇళ్ళలో ఉన్నది కాదంట. చోసన్ రాజుల కాలంలో పెద్దింటి మగవాళ్ళకి ఒక్కొక్కరికి వేరే చిన్న పీట ఉండేది. సోబాన్ అంటారు. తండ్రీ కొడుకులు కూడా ఒకే పీట మీద తినరు. ఆడవాళ్ళు వంటింట్లో తరువాత తినేవాళ్ళు. వాళ్ళ తాత ఇంట్లో కూడా తాతకి వేరే సోబాన్, పనివాళ్ళకి వాకిట్లో తిండి.

ఆ పీటలు ఇరవయ్యో శతాబ్దంలో మూలన పడ్డాయి. 1950 నుంచి 1953 దాకా జరిగిన యుద్ధం దేశాన్ని చితకబొడిచింది. సోల్ దగ్గర ఉయిజోంగ్బులో అమెరికా సైనిక శిబిరాల నుంచి బయటికొచ్చిన డబ్బా మాంసం, సాసేజీలు కిమ్చితో కలిపి ఉడికించుకుని తిన్నారు. బుదే జిగే అంటే సైనిక శిబిరం పులుసు అనే అర్థం, ఇప్పుడు పెద్ద హోటళ్ళలో కూడా చేస్తారు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ డాక్టర్లు వెళ్ళారు. ఖైదీలని అప్పగించే తటస్థ దేశాల సంఘానికి అధ్యక్షుడు మన కొడగు జనరల్ తిమ్మయ్య. తాత ఆయన పేరు చెప్పినప్పుడల్లా కొంచెం నిటారుగా కూర్చునేవారు. ఆకలి ముందు వేరే పీట నిలవలేదు. తాతకి వాన వచ్చినట్టే వాళ్ళకి యుద్ధం వచ్చింది.

కారం సంగతి కూడా చూడండి. మిరపకాయ మనదీ కాదు, వాళ్ళదీ కాదు. అమెరికా ఖండం నుంచి పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చింది. అంతకుముందు మన కారం మిరియాలదే. కన్నడంలో మెణసు అంటే మిరియం, మెణసినకాయి అంటే మిరపకాయ, ఆ గుర్తు మాటలోనే ఉండిపోయింది. కొరియాలో 1614 నాటి 'చీబోంగ్ యుసోల్' అనే గ్రంథంలో మిరపని "జపాను ఆవాలు" అన్నారు. ఆవాలు! ఆవకాయ తినేవాళ్ళం మనం ఊరికే వదలగలమా ఆ మాటని? మిరప చేరకముందు కిమ్చి ఎర్రగా ఉండేది కాదు, ఉప్పులో ఊరిన కూర అంతే. చలికాలం ముందు ఊరి ఆడవాళ్ళంతా చేరి కిమ్చి పెట్టి పంచుకోవడాన్ని కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. ఎండాకాలం మన ఇళ్ళలో ఆవకాయ పెట్టే రోజులు గుర్తొస్తాయి. ఒక తేడా ఉంది. మన ఊరగాయకి తడి తగలకూడదు, నూనె కాపాడుతుంది. కిమ్చికి ఉప్పు వేస్తే క్యాబేజీలోంచి నీళ్ళు ఊరాలి, ఆ నీళ్ళలోనే పులవాలి. "సోన్‌మాత్" అని ఒక మాట ఉంది వాళ్ళకి, చేతి రుచి. అమ్మ చేతి వంట అని మనం అంటామే, అదే.

ఈలోగా పెనుకొండ మారింది. 2017లో కియా కార్ల కంపెనీతో ఒప్పందం జరిగింది, 2019లో ఎర్రమంచి దగ్గర కార్లు తయారవడం మొదలైంది. తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరు, మన తాత పని లేక వదిలిన ఊరు. ఇప్పుడు పని కోసం కొరియా నుంచి అక్కడికి వచ్చారు. హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు వచ్చాయి. మన చుట్టాలు వాళ్ళకి ఇండ్లు బాడిగకి ఇచ్చారని అవ్వకి తెలిసింది.

ఆ దసరాకి ఒన్ని మళ్ళీ వచ్చింది. అవ్వ అడిగింది, "మనూర్లో ఉండేది మీవాళ్ళేనా? తినింటివా?" ఒన్ని నవ్వింది. కొరియాలో కూడా పలకరింపు అదే, అన్నం తిన్నావా అని. ఆరోజు అవ్వ పెద్ద గిన్నెలో గోంగూర అన్నం కలిపి, మనవలకి పెట్టినట్టు వరసగా చేతుల్లో ముద్దలు పెట్టింది. వరసలో ఒన్ని చెయ్యి కూడా ఉంది. పళ్ళెం ప్రసక్తే రాలేదు.

దీన్ని ఇక్కడితో ఆపితే చాలా బాగుంటుంది. కానీ నిజం అంతే కాదు. దూరదేశం నుంచి వచ్చిన ఆఫీసరుకి ముద్ద పెట్టడం సులభం. ఆ పళ్ళెం ఒన్ని కోసం దాచింది కాదు. తోటలో కూలికి వచ్చినవాళ్ళ కోసం, మన వాకిలి ఊడ్చిన ఆమె కోసం. ఆమె మన ఇంట్లో పనిచేసిన అన్నేళ్ళలో అవ్వ చేతి ముద్ద ఆమె చేతిలో పడింది నేను చూడలేదు.

అవ్వ 2021లో పోయింది. ఆ మరుసటేడు ఒన్ని దేగుకి వెళ్ళిపోయింది. ఇల్లు సర్దుతుంటే పళ్ళెం దొరికింది. తమ్ముడు పాత సామాన్లకి వేసేద్దాం అన్నాడు. నేను ఇవ్వలేదు. దాని మీద ఎవరి పేరూ లేదు, అదే నన్ను పట్టుకుంది. తాత పేరు పది పళ్ళాల మీద ఉంది. ఇందులో తిన్నవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

పెద్దమ్మా, చిన్నాయనా, అత్తా, మీకు గుర్తుంటే చెప్పండి. ఆ పళ్ళెంలో ఎవరెవరు తినేవాళ్ళు? వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు? తెలిస్తే నేనే వెళ్ళి ఇంటికి భోజనానికి పిలుస్తాను. కుండ మధ్యలో పెట్టుకుని అందరం తిందాం.