వయ్యారిభామకు శత్రువు కావలెను

దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల మెట్టభూముల్లో వాన పడితే చాలు, గట్ల మీద, దారుల వెంబడి తెల్లని చిరుపూల మొక్క గుంపులుగా లేస్తుంది. అదే వయ్యారిభామ. పేరు సొగసైనదే గాని గుణం చెడ్డది. దీని పొడ తగిలితే కొందరికి ఒళ్లంతా దురద. పుప్పొడి పీల్చితే కొందరికి ఉబ్బసం. ఒక్క మొక్క పదివేలకు పైగా గింజలు రాల్చగలదు. శాస్త్రజ్ఞులు దీనిని పార్థీనియం అంటారు. పుట్టినిల్లు మెక్సికో, దాని పరిసరాలు. పూనాలో ఇది పెరుగుతున్నదని 1956లో వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్. శేషగిరిరావు ప్రకటించారు. కొద్ది దశాబ్దాలలో దేశమంతా ఆక్రమించింది.

ఇంత వేగం దీనికి ఎట్లా వచ్చింది? పుట్టినచోట దీనిని తినే పురుగులు, పీడించే తెగుళ్లు ఉన్నాయి. గింజ సముద్రం దాటింది, శత్రువులు దాటలేదు. అట్లయితే ఆ శత్రువులనే రప్పించరాదా? 1926లో సింహళం నుండి తెచ్చిన కోచినీలు పురుగు దక్షిణ భారతంలో నాగజెముడు పొదలను అణచివేసింది. అదే దారిలో 1984లో మెక్సికో పెంకుపురుగును బెంగుళూరులో వయ్యారిభామ మీదికి విడిచారు.

పురుగు చేసే పని తెగులు చేయలేదా? రైతుకు తుప్పు తెగులు తెలిసినదే. దాని బీజాలు గాలిలో ఎగిరివచ్చి, తడి ఆకు మీద మొలకెత్తి, లోపలికి చొరబడి, ప్రాణమున్న కణాల నుండే ఆహారం లాగుకొంటాయి. అయితే ఈ శిలీంధ్రానికి తిండి విషయంలో పట్టుదల ఎక్కువ. జొన్న తుప్పు వేరుశనగను అంటదు. వేరుశనగ తుప్పు జొన్నను అంటదు. ఈ పట్టుదలే శాస్త్రజ్ఞులకు ఆశ కల్పించింది.

1971లో ఆస్ట్రేలియాలో గోధుమచేలను పాడుచేసే కాండ్రిల్లా అనే కలుపు మీదికి ఇటలీ తుప్పును వదిలారు. ఆ కలుపులో మూడు రకాలుండేవి. సన్నాకు రకం అణగిపోయింది. తుప్పు అంటని తక్కిన రకాలు ఆ ఖాళీలోకి వ్యాపించాయి. పట్టుదలలో మేలూ ఉన్నది, లోపమూ ఉన్నదని అప్పుడు తేలింది.

వయ్యారిభామ మీదికి 1991లో క్వీన్స్‌లాండ్‌లో మెక్సికో తుప్పును విడిచారు. దానికి చల్లని రాత్రులు, మంచు కావాలి. అందుచేత వేడికి ఓర్చే మరొక తుప్పును సుమారు పదేళ్లకు రప్పించారు. మొదటి రకం మన దేశంలో హోసూరు వంటి చల్లని ఎత్తు ప్రదేశాలలో కనిపించింది. దొనకొండ ఎండలకు అది తగినది కాదు.

మరి రెండవదానిని తెచ్చి విడిచిపెడితే సరిపోదా? తొందర కూడదు. వయ్యారిభామ, పొద్దుతిరుగుడు, చామంతి ఒకే కుటుంబపు మొక్కలు. ముందుగా ఆ బంధువులన్నిటి మీద పరీక్షించవలె. ఈ జాగ్రత్త ఎందుకో 2000లో అనంతపురం జిల్లా చూపింది. పొగాకు స్ట్రీక్ వైరస్ వయ్యారిభామలో ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉన్నది. దాని పుప్పొడి వేరుశనగ ఆకుల మీద పడింది. తామరపురుగులు గీకిన గాయాల గుండా వైరస్ లోపలికి పోయింది. సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిన్నది; నష్టం 300 కోట్ల రూపాయలు మించింది. ఇక్కడ తెగులు కలుపును విడిచి పంటను చంపింది!

మన దేశంలో కలుపు మీదికి విదేశీ శిలీంధ్రాన్ని తొలిసారి విడిచింది 2005లో అస్సాంలో, మరుసటి ఏడు కేరళలో. తేయాకు తోటలను అల్లుకొనే మికానియా తీగ కోసం తెచ్చిన ఆ తుప్పు అక్కడ నిలదొక్కుకోలేదు. మొక్క, తెగులు, వాతావరణం, ఈ మూడూ కుదిరితేనే ఫలితం.

అట్టి తెగులు దొరికేవరకు రైతుకు పాత ఉపాయమే గతి: చేతులకు తొడుగులు వేసుకొని, పూత రాకముందే గట్ల మీది మొక్కలను పెరికివేయడం. పూత లేకుంటే గింజ లేదు. వైరస్ మోసే పుప్పొడీ లేదు.