తాతగారి ఓటు

అమెరికాలో బీమా కాగితాలు తిరగేస్తుంటే 'గ్రాండ్‌ఫాదర్డ్' అనే విశేషణం ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. రూలు మారినా పాతవాళ్లకు పాత రూలే అని దాని భావం. 2010 మార్చి 23న ఒబామా ఆరోగ్య బీమా చట్టం మీద సంతకం చేసేనాటికే ఉన్న పాలసీలకు చట్టం పెట్టిన పేరు ఇదే. పాత సెల్‌ఫోన్ ప్లానుకీ, జోనింగ్ నిబంధనలు రాకముందే కట్టిన ఇంటికీ ఇదే మాట వాడతారు. పెద్దాయన మీద గౌరవం కాబోలు అనిపిస్తుంది. దాని పుట్టుక అంత మర్యాదైంది కాదు.

అంతర్యుద్ధం ముగిశాక, 1870లో పదిహేనో రాజ్యాంగ సవరణ వచ్చింది. జాతి, రంగు, పూర్వపు బానిసత్వం సాకుగా ఎవరికీ ఓటు కాదనకూడదంది. ఆ మూడు మాటలూ ఎత్తకుండా పని కానిచ్చే దారి దక్షిణాది రాష్ట్రాలు వెతికాయి. లూసియానా 1898లో కొత్త రాజ్యాంగం రాసుకుంది: ఓటరు కావాలంటే చదవను రాయను రావాలి, లేదా 300 డాలర్ల ఆస్తి ఉండాలి. మరి చదువురాని పేద తెల్లవాళ్లో? 1867 జనవరి 1నగానీ అంతకుముందుగానీ నీకో, నీ తండ్రికో, తాతకో ఓటు హక్కు ఉండి ఉంటే నీకు పరీక్ష లేదు. తేదీ ఊరికే వేయలేదు. అక్కడి నల్లవాళ్లకు ఓటుకు దారి తెరిచిన చట్టం ఆ ఏడాది మార్చిలో వచ్చింది. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే మనవైపు నవ్వుతారు. లూసియానాలో ఆ వాసనే ఓటరు గుర్తింపు అయింది.

అంతకుముందే మొదలైన నమోదు ఆంక్షలూ దీనికి తోడయ్యాయి. 1896లో 1,30,000 దాటిన నల్లజాతి ఓటర్లు 1900 నాటికి 5,320 మందే మిగిలారు.

ఓక్లహోమా 1910లో ఇలాంటిదే తెచ్చింది. 1915లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ వైట్ లూసియానావాడే, కుర్రతనంలో దక్షిణాది సైన్యంలో ఉన్నవాడే! ఓక్లహోమా ఊరుకుందా? 1914లో ఓటేసినవాళ్లందరూ ఓటర్లే, మిగతావాళ్లకు నమోదుకు పన్నెండు రోజులు అంటూ 1916లో ఇంకో చట్టం చేసింది. అది 1939 దాకా నిలిచింది.

ఈ తాతల లెక్క ఓటు దగ్గరే ఆగలేదు. వలసల కోటాలు కూడా ఇక్కడ ఎవరి పూర్వీకులు ఎందరున్నారో చూసి కట్టినవే. 1946లో మన దేశానికి దక్కిన కోటా ఏడాదికి 100. నల్లవాళ్ల ఓటుకు గట్టి రక్షణ ఇచ్చిన చట్టమూ, ఆ కోటాలను ఎత్తేసి మనబోటివాళ్లకు తలుపు తీసిన చట్టమూ 1965లోనే వచ్చాయి, రెండు నెలల తేడాలో. మన సంఘాల సభల్లో రెండోదాన్ని తలుచుకున్నంతగా మొదటిదాన్ని తలుచుకోరు.

2020లో మసాచుసెట్స్ అప్పీళ్ల కోర్టు ఒక జోనింగ్ తీర్పులో ఈ 'గ్రాండ్‌ఫాదర్' మాటకు జాతివివక్ష మూలాలున్నాయని ఫుట్‌నోట్ రాసి, వాడటం మానేసింది. బీమా చట్టంలో ఇంకా అలాగే ఉంది.