జేబులో పట్టే పిస్తోలు, దాని మీద కనపడని పేర్లు



పోయిన ఆదివారం హాస్టల్లో ఒకే ఫోన్ చుట్టూ కూచుని పాత జేమ్స్ బాండ్ సినిమా చూశాం. హీరో చేతిలో చిన్న పిస్తోలు చూసి మా రూమ్మేట్ ఈల వేశాడు. నాకేమో మా ఊరు గుర్తొచ్చింది. అక్కడ తుపాకీ మాటొస్తే పెద్దవాళ్ళు గొంతు తగ్గిస్తారు. ఒకచోట ఈల, ఒకచోట భయం. ఇంతకీ దీన్ని ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు అని లైబ్రరీలో కూచుని చదివాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నా.

ఆ పిస్తోలు పేరు వాల్టర్ పీపీకే. పుట్టింది జర్మనీలోని తురింగియాలో. అది కొండలు, అడవులు ఉన్న ప్రాంతం. ఇనుము, బొగ్గులకి కట్టె దొరకడంతో అక్కడి జూల్, జెల్లా ఊళ్ళల్లో వందల ఏళ్ళుగా తుపాకులు చేసేవాళ్ళు ఉండేవారు. 1886లో కార్ల్ వాల్టర్ జెల్లాలో చిన్న వర్క్‌షాపు పెట్టాడు. తర్వాత కొడుకు ఫ్రిట్జ్‌తో కలిసి జేబు పిస్తోళ్ళ తయారీ మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పెద్ద పిస్తోళ్ళు సరిపోక, జర్మన్ ఆఫీసర్లు ఇలాంటి చిన్నవి కూడా వాడారు.

ఇవి అంత చిన్నగా ఎలా ఉంటాయి? 7.65 మిల్లీమీటర్ల తూటాకి బలం తక్కువ. అందుకని పెద్ద పిస్తోళ్ళలో ఉండే తాళం లాంటి ఏర్పాటు అక్కర్లేదు. గొట్టం కదలదు. పైనున్న స్లైడ్ బరువు, స్ప్రింగ్ బలం, ఈ రెండే తూటా పేలే క్షణంలో వెనక భాగాన్ని మూసి ఉంచుతాయి. వాల్టర్ వాళ్ళు ఆ స్ప్రింగ్‌ని గొట్టం చుట్టూనే అమర్చారు. దాంతో చోటు కలిసొచ్చింది.

1929లో వచ్చిన పీపీ, అంటే పోలీసు పిస్తోలు, ఇంకో అడుగు ముందుకేసింది. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే చాలు, హ్యామర్ లేచి తనే పడుతుంది. సేఫ్టీ మీట దించితే హ్యామర్ ప్రమాదం లేకుండా కిందికి దిగుతుంది. లోపల తూటా ఉంటే వెనక ఒక చిన్న పిన్ను బయటికొస్తుంది, చీకట్లో కూడా వేలితో తడిమి తెలుసుకోవచ్చు. 1931లో ఇంకా పొట్టిగా పీపీకే వచ్చింది. దాని గొట్టం 83 మిల్లీమీటర్లే.

ఇక్కడిదాకా తెలివైన పనితనం కథ. అసలు కథ పక్క ఊళ్ళో ఉంది.

జూల్‌లో సిమ్సన్ అనే యూదు కుటుంబానికి పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. 1920ల్లో వాళ్ళు కూడా చిన్న జేబు పిస్తోళ్ళు చేశారు. ఓడిపోయిన జర్మనీ సైన్యానికి లూగర్ పిస్తోళ్ళు చేసే అనుమతి కూడా వాళ్ళకే దక్కింది. నాజీలు అధికారంలోకి వచ్చాక ఆ కుటుంబం మీద కేసులు పెట్టి, 1935లో ఫ్యాక్టరీ లాగేసుకున్నారు. కుటుంబం దేశం విడిచి పారిపోయింది. ఫ్యాక్టరీకి గుస్ట్‌లోఫ్ అనే నాజీ నాయకుడి పేరు పెట్టారు. 1938 నవంబర్ 11న యూదులెవరూ ఆయుధం ఉంచుకోకూడదని ఉత్తర్వు తెచ్చారు. అంటే చేసేవాళ్ళ చేతిలోంచి పని పోయింది, ఉన్నవాళ్ళ ఇంట్లోంచి ఆయుధం పోయింది. పిస్తోలు మాత్రం పోలీసుల నడుముకి, పార్టీ నాయకుల జేబుకి చేరింది.

యుద్ధంలో వాల్టర్ కంపెనీ హాంబర్గ్ దగ్గరి నోయెన్‌గామె నిర్బంధ శిబిరంలో ఫ్యాక్టరీ పెట్టి ఖైదీలతో తుపాకుల పని చేయించింది. చివరికి 1945 ఏప్రిల్ 30న హిట్లర్ తనని తాను కాల్చుకున్నది కూడా 7.65 వాల్టర్ పిస్తోలుతోనే. జెల్లా సోవియట్ ఆధీనంలోకి వెళ్ళింది. ఫ్రిట్జ్ వాల్టర్ పశ్చిమానికి చేరి, ఉల్మ్ ఊళ్ళో కంపెనీని మళ్ళీ నిలబెట్టాడు. 1962లో బాండ్ మొదటి సినిమాతో పీపీకే హీరో అయిపోయింది.

ఆ పిస్తోలు పక్కన కంపెనీ పేరు అందంగా చెక్కి ఉంటుంది. శిబిరంలో పని చేసినవాళ్ళ పేరు ఏ తుపాకీ మీదా ఉండదు. సిమ్సన్ పేరైతే ఫ్యాక్టరీ గేటు మీద నుంచే తీసేశారు. మన పెద్దవాళ్ళ పేర్లు కూడా ఎన్నో రికార్డుల్లో లేవు కాబట్టి ఈ సంగతి మనకి తొందరగా అర్థమవుతుంది. తమ్ముళ్ళూ, డీపీలో తుపాకీ బొమ్మ పెట్టే ముందు ఒక్కసారి అడగండి: దీన్ని చేసిందెవరు, ఇది ఎవరి వైపు గురిపెట్టింది?

మా రూమ్మేట్‌కి ఇదంతా చెప్పాను. ఈసారి ఈల వేయలేదు. "సిమ్సన్ వాళ్ళు తర్వాత ఏమయ్యార్రా?" అని అడిగాడు.