పుస్తకాల ఖాతా: మన బడిలో బొమ్మల కథల చరిత్ర

సావనీర్ కమిటీ వారు ఫోన్ చేసి, మన బడి చరిత్రలో ఏదైనా ఒక అంశం మీద రాసిమ్మన్నారు. భవనాల సంగతి, పదో తరగతి ఫలితాల సంగతి, కబడ్డీ కప్పుల సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు రాస్తారు. నా దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే. 1976 జూన్‌లో మొదలుపెట్టి 1981 మార్చిలో ఆపేసిన ఒక రూళ్ల నోటుపుస్తకం. అట్ట మీద ‘పుస్తకాల ఖాతా’ అని ఉంటుంది. లోపల అయిదు గళ్లు: పుస్తకం, ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, తేదీ, వాపసు. ముగ్గురం వంతుల వారీగా రాసేవాళ్లం. పేజీలు చాలక చివరికి అట్ట లోపలి వైపు కూడా నిండిపోయింది. మా బ్యాచ్ వాళ్లలో సగం మంది సంతకాలు అందులో ఉన్నాయి. ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్లు అప్పట్లో తమ పేరు తామే తప్పు రాసుకున్న దాఖలాలు కూడా ఉన్నాయి.

ఖాతాలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడే పేరు చందమామ. అది కామిక్సు కాదు కదా అని ఇప్పటి సేకర్తలు అంటారు. మాటల బుడగలు లేవు కాబట్టి కాదనే అనుకుందాం. కానీ పేజీకో బొమ్మ చూసి, కథ తర్వాత చదివే అలవాటు మాకు నేర్పింది అదే. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషల్లో మొదలుపెట్టారు. పత్రిక మీద చక్రపాణి గారి పేరుండేది. కథలన్నిటినీ తిరగరాసి ఒక్క గొంతులోకి తెచ్చింది కొడవటిగంటి కుటుంబరావు గారని మాకు అప్పుడు తెలియదు. ఆయన 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పని చేశారు. ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని తెలుసుకోవడానికి మాకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆ సీరియళ్లకి పేరు వేసేవారు కాదు. రచయితెవరో తెలియకుండానే మా తరగతి మొత్తం ఆయన అభిమాన సంఘం.

బొమ్మలు వేసేవాళ్లను మాత్రం సంతకాన్ని బట్టి గుర్తుపట్టేవాళ్లం. చిత్ర, శంకర్, వ.పా. శవాన్ని భుజాన వేసుకుని కత్తి దూసి నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్ గారిది. మాంత్రికుల సీరియళ్ల బొమ్మలు చిత్ర గారివి. సంతకం మీద వేలు పెట్టి మూసి, ‘ఎవరిదో చెప్పు’ అనేది మా మొదటి ఆట. ఓడినవాడు ఒక పుస్తకం అదనంగా అప్పివ్వాలి. ఈ ఆటలో ఎప్పుడూ ఓడనిది మా డ్రాయింగు మాస్టారొక్కరే. క్లాసులో పట్టుబడిన పుస్తకాలు ఆయన దగ్గరికి చేరితే మా అదృష్టం. చింపేవారు కాదు. బోర్డు మీద చాకుపీసుతో అదే బొమ్మ గీసి, ‘ఒరే, వీడి చెయ్యి పొట్టిగా ఎందుకు కనబడతంది? చెప్పండ్రా’ అనేవారు. దగ్గరా దూరం ఎలా చూపిస్తారో నేను నేర్చుకుంది అలా స్వాధీనం చేసుకున్న పుస్తకాల్లోంచే.

ఇక్కడ నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఒకటుంది. ఆ బొమ్మలన్నీ మద్రాసులోనే పుడతాయని మా నమ్మకం. వ.పా. అంటే వడ్డాది పాపయ్య గారు, శ్రీకాకుళంలో పుట్టినవారు, అనకాపల్లి అవతల కశింకోటలో స్థిరపడ్డారు. మన బస్టాండులో బస్సెక్కితే గంటన్నర ప్రయాణం. 1992 డిసెంబరు చివర్లో ఆయన పోయినప్పుడు పేపర్లో చదివి తెలుసుకున్నాను. అప్పటికి నా దగ్గర ఆయన ముఖచిత్రాలున్న చందమామలు, యువలు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. ఆయన ఊరు మాత్రం తెలియదు.

అమర చిత్ర కథలు ఖాతాలో 1977 నుంచి కనబడతాయి. వాటితోనే మా ‘ప్రశ్నలు’ మొదలయ్యాయి. శనివారం చివరి పీరియడు తర్వాత సైకిల్ స్టాండు దగ్గర కూర్చునేవాళ్లం. ఒకడు అడగాలి, తెలిసినవాడు చెప్పాలి. అందరినీ పడగొట్టిన ప్రశ్న ఇది: అమర చిత్ర కథ మొదటి పుస్తకం ‘కృష్ణ’ కదా, మరి దాని మీద నంబరు 11 ఎందుకుంది? మొదటి పది ఎక్కడ? కొందరు అచ్చుతప్పు అన్నారు. ఒకడు పది పుస్తకాలు గోదాములో కాలిపోయాయని కథ అల్లాడు. అసలు సంగతేమిటంటే, ఆ వరసలో మొదటి పదీ విదేశీ కథలు, బెంగుళూరులో కన్నడంలో వచ్చాయి. 1967లో అనంత్ పాయ్ గారు ఇండియా బుక్ హౌస్ వారితో కలిసి మన పురాణాల వైపు తిప్పారు కాబట్టి కృష్ణుడు పదకొండో వాడయ్యాడు. దూరదర్శన్ క్విజ్‌లో ఢిల్లీ పిల్లలు గ్రీకు దేవతల గురించి చెప్పి, రాముడి తల్లి పేరు చెప్పలేకపోవడం చూసి తనకీ ఆలోచన వచ్చిందని ఆయన చెప్పుకునేవారు. మనవాళ్లకి ఆ ఇబ్బంది లేదు. కౌసల్య పేరు మా వీధిలో హరికథ విన్న ప్రతి గుంటడికీ తెలుసు. మాకు అక్కరకొచ్చింది బొమ్మలే. రామ్ వాయీర్కర్ వేసిన కృష్ణుడు మాకు ఎన్టీఆర్ తర్వాతి కృష్ణుడు.

ఇక ఇంద్రజాల్. టైమ్స్ ఆఫ్ ఇండియా వారు 1964 మార్చిలో ఫాంటమ్ బెల్టు కథతో మొదలుపెట్టి 1990 దాకా నడిపారు. మా బడిలో వీటిని తెచ్చినవాళ్లు ముఖ్యంగా నేవీ వాళ్ల పిల్లలు. తండ్రుల బదిలీలతో బొంబాయి, కొచ్చిన్ తిరిగి వచ్చేవాళ్లు. వాళ్ల పెట్టెల్లో ఇంగ్లీషు, హిందీ ఇంద్రజాల్ కట్టలుండేవి. స్టీల్‌ప్లాంటు పనులకి భిలాయ్ నుంచీ రూర్కెలా నుంచీ వచ్చిన కుటుంబాల పిల్లలు లోట్‌పోట్, చాచా చౌదరి తెచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన కర్మాగారం మన ఊరికి ఉక్కు ఇవ్వడానికి ఇంకా చాలా కాలం పట్టింది కానీ, ప్రాణ్ గారి ఎర్ర తలపాగా తాతగారిని ముందే ఇచ్చింది. హిందీ పరీక్షలో నాకు పాస్ మార్కులు రావడానికి కారణం ఆయనే.

ఫాంటమ్ మీద మాకు ప్రత్యేకమైన హక్కుందని మా వాదన. లీ ఫాక్ 1936లో మొదలుపెట్టినప్పుడు ఆ అడవి దేశం పేరు ‘బెంగాలీ’, సముద్రపు దొంగలు ‘సింగ్’ ముఠా. అంటే మన తూర్పు సముద్రమేనని, కపాల గుహ యారాడ కొండ వెనక ఉండే ఉంటుందని తేల్చేసుకున్నాం. డాల్ఫిన్స్ నోస్‌ని ఆ కంటితో చూస్తే నిజంగానే అలా కనబడుతుంది. ఇంద్రజాల్ వారు మాత్రం మన దేశంలో ఎవరూ నొచ్చుకోకూడదని ‘బెంగాలీ’ని ‘దెంకాలీ’ అనీ, ‘సింగ్’ని ‘సింగా’ అనీ మార్చారు. పాత ఇంగ్లీషు పుస్తకంతో పక్కపక్కన పెట్టి ఇది కనిపెట్టిన రోజు నాకు లెక్కల పరీక్ష. ఆ మార్కులు ఇక్కడ అవసరం లేదు.

రేవు పట్నం కాబట్టి మనకి ఇంకో దారి కూడా ఉండేది. మా నాన్నగారు పోర్టులో ట్యాలీ క్లర్కు. ఓడ సిబ్బంది చదివి పారేసిన పుస్తకాలు చేతులు మారి పాత కాగితాల కొట్టుకి తూకానికి చేరేవి. పూర్ణా మార్కెట్ వెనక అలాంటి కొట్టొకటి ఉండేది. పొట్లాలకి చింపకముందే వెళ్లి ఏరుకోవాలి. అక్కడే నాకు కమాండో పుస్తకాలు దొరికాయి. స్కాట్లండులోని డి.సి. థామ్సన్ వారివి, 1961 నుంచి వచ్చేవి. జేబులో పట్టేవి, లోపలంతా నలుపూ తెలుపూ. జర్మన్లూ జపాన్ వాళ్లూ ఎప్పుడూ ఓడిపోవాలి. ఇంగ్లీషు సార్జెంటు ఎప్పుడూ గెలవాలి. మేమూ ఆయన పక్షమే. మా నాయనమ్మకి మాత్రం 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన రేవు మీద బాంబులు వేసినప్పుడు మూట కట్టుకుని విజయనగరం వైపు నడిచి వెళ్లిపోవడం జ్ఞాపకం. ‘పుస్తకంలో మనూరు ఉందేట్రా?’ అని అడిగింది ఒకసారి. నా దగ్గరున్న వాటిలో లేదు. 1971 డిసెంబరు 3 రాత్రి ఘాజీ మన రేవు బయటే మునిగింది. ఆ రోజుల్లో కిటికీలకి నల్ల కాగితాలు అంటించిన పిల్లలం, ఆ కథ మాత్రం ఏ బొమ్మల పుస్తకంలోనూ చదవలేదు. మా డ్రాయింగు మాస్టారు ఒక పేజీ గీసుకుని రమ్మన్నారు. నేను గీసిన జలాంతర్గామి చేపలా ఉందని బోర్డు మీద సరిదిద్దారు. దానికి ఖాతాలో పద్దు లేదు.

ఇప్పుడు తీరని పద్దు సంగతి. 1981 ఫిబ్రవరిలో ఒక పేజీలో నా చేతిరాతే ఉంది: ‘ఇంద్రజాల్, బహదూర్ మొదటిది.’ బహదూర్ 1976లో వచ్చాడు. ఆబిద్ సుర్తీ రాసి, గోవింద్ బ్రహ్మణియా వేసిన మన దేశపు హీరో. కుర్తా, జీన్సు ప్యాంటు, చంబల్ బందిపోట్లు. ఫాంటమ్ పక్కన నిలబడగల మొదటి దేశీయుడని మా అందరికీ వాడంటే ప్రాణం. పుస్తకం ఒక నేవీ ఉద్యోగి అబ్బాయిది. అతను రెండో రోజుకే వాపసు అడిగాడు. వానలో తడిసి పాడైపోయిందని చెప్పాను. నిజానికి అది మా ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, దుప్పటి కింద, పొడిగా ఉంది. అతను ఏమీ అనలేదు. ‘పోన్లేరా, నువ్వేం చేస్తావు’ అన్నాడు. పరీక్షలయ్యాక వాళ్ల నాన్నకి కొచ్చిన్ బదిలీ అయింది. వాపసు గడి ఖాళీగా ఉండిపోయింది.

2014 అక్టోబరు 12 మీలో విశాఖలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. హుద్‌హుద్ గాలికి మా మేడ మీది గది రేకులు లేచిపోయాయి. మధ్యాహ్నానికి గదిలో మోకాలి లోతు నీళ్లు. కరెంటు రావడానికి రోజులు పట్టింది, ఆరబెట్టడానికి పంకా కూడా లేదు. రెండు పెట్టెల చందమామలూ యువలూ, కమాండోలూ, ఇంద్రజాలూ అన్నీ ఉబ్బి అతుక్కుపోయి ఇటుకల్లా తయారయ్యాయి. బహదూర్ కూడా. ముప్పై మూడేళ్ల క్రితం చెప్పిన అబద్ధం అలా నిజమైంది. విడదీయబోతే రంగు వేళ్లకి అంటుకుంది. ఖాతా నోటుపుస్తకం మాత్రం కింది గదిలో రేషన్ కార్డులు, కరెంటు బిల్లులు పెట్టే ఫైల్లో ఉండబట్టి బతికింది.

తర్వాత కొన్నేళ్లు నేనేమీ కొనలేదు. 2019లో హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఆ బహదూర్ కనిపించింది. వెనక అట్ట లేదు. మధ్య పేజీలో ఎవరో బాల్‌పెన్నుతో బహదూర్‌కి మీసం పెట్టారు. ధర చెప్పను, మా ఆవిడ ఈ సంచిక చదువుతుంది. బేరమాడకుండా కొన్నాను.

స్వర్ణోత్సవం రోజు ఖాతా పుస్తకాన్ని రిజిస్ట్రేషన్ టేబుల్ పక్కనే పెడతాను. ఎవరి పద్దులు వాళ్లు చూసుకోవచ్చు. వాపసు గడి ఖాళీగా ఉన్నవి చాలానే ఉన్నాయి. మీ అటకల మీద, మీ అమ్మగారి పాత పెట్టెల్లో ఓసారి వెతకండి. 1978 దీపావళి సెలవులకి ‘శిథిలాలయం’ కుట్టిన పుస్తకం పట్టుకెళ్లిన ‘బి’ సెక్షన్ వాళ్లు ముఖ్యంగా. కొచ్చిన్ వెళ్లిన నా మిత్రుడు వస్తున్నాడని కమిటీ వారు చెప్పారు. పేరు రాయడం లేదు, చదివితే అతనికే తెలుస్తుంది. పుస్తకం నా సంచిలో ఉంటుంది. గడిలో తేదీ వేసి, సంతకం అతనే పెట్టాలి.