పగడాల వీధి పక్కన ఒక గాజు సముద్రం



పోయినసారి కొత్వాల్ చావడి గురించి రాసినప్పుడు చాలామంది ఫోన్ చేసి మాట్లాడారు, సంతోషం. ఈసారి సంగతి వేరు. ఇందులో నా తప్పు ఒకటి ఉంది, ముందే చెప్పేస్తున్నాను. ఆ తప్పు ఎందుకు జరిగిందో తెలుసుకుందామని మొదలుపెట్టి, చివరికి నూటడెబ్భై ఎనభై ఏళ్ళ చరిత్ర చదవాల్సి వచ్చింది. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు ఇంట్లో మా అమ్మ దగ్గర నేర్చుకున్నవే. వాక్యం ఎక్కడైనా వంకరపోతే సర్దుకుని చదవండి.

మా అమ్మాయి కుటుంబం మా ఇంటి మేడమీదే ఉంటుంది. మనవడు ప్లస్ టూ. వాడి గదిలో నాలుగడుగుల గాజు తొట్టె ఉంది. అందులో ఇన్నూటయాభై లీటర్ల ఉప్పునీళ్ళు, రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, తోలులాగా మెత్తగా ఉండే పగడం ఒకటి, రాళ్ళమీద చొక్కా గుండీల్లాగా పరుచుకునే చిన్న పగడాల గుంపు ఒకటి. పోయిన మే నెలలో అల్లుడిగారి వైపు పెళ్ళికి వాళ్ళందరూ విజయవాడ వెళ్ళారు. పది రోజులకు తొట్టె చార్జి నాకు అప్పగించారు.

"తాతా, నీళ్ళు ఆవిరై తగ్గుతాయి. రోజూ నీలం డబ్బా నీళ్ళు గీత దాకా పోయి. తెల్ల డ్రమ్ము ముట్టుకోవద్దు, అది నేను వచ్చాక మార్చే నీళ్ళు" అని నోటితో చెప్పాడు, వాట్సాప్‌లో కూడా రాసిపెట్టాడు. నీలం డబ్బాలో ఉన్నది ఆర్‌.ఓ. మంచినీళ్ళు. తెల్ల డ్రమ్ములో ఉప్పు కలిపిన నీళ్ళు.

రైల్వేలో ముప్ఫై ఏడేళ్ళు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, చార్జి నోట్ చదవకుండా సంతకం పెట్టకూడదని నాకు ఒకరు చెప్పాలా? అయినా చదవలేదు. సముద్రపు తొట్టెకు మంచినీళ్ళు పోయడమేమిటి, పిల్లవాడు తిప్పి చెప్పి ఉంటాడు అనుకున్నాను. రోజూ నాలుగు లీటర్ల ఉప్పునీళ్ళే పోశాను. ఆరో రోజుకు గుండీ పగడాలు ముడుచుకున్నాయి. నిద్రపోతున్నాయి అనుకున్నాను. తొమ్మిదో రోజు రొయ్య చచ్చి తేలింది.

వాడు వచ్చి ఒక చుక్క నీళ్ళు కొలత అద్దంమీద వేసి చూశాడు. లీటరుకు 35 గ్రాములుండాల్సిన ఉప్పు 40 దాటింది. లెక్క సులభమే. పది రోజుల్లో నలభై లీటర్లు, లీటరుకు 35 గ్రాముల వంతున 1,400 గ్రాముల ఉప్పు అదనంగా పోశాను. వాడు కోప్పడలేదు. "ఉప్పు ఆవిరి కాదు కదా, తాతా" అన్నాడు, అంతే. కోప్పడి ఉంటే బాగుండేది.

మన ఇళ్ళలో చారు మరిగి ఇంకిపోతే నీళ్ళు పోస్తాం గానీ మళ్ళీ ఉప్పు వేస్తామా? ఆ మాత్రం మా ఆవిడకు తెలుసు. నాకు తట్టలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక పగడాల గురించి చదవడం మొదలుపెట్టాను. మన జార్జి టౌన్‌లో పగడం పేరుతో ఒక వీధే ఉంది కదా. కోరల్ మర్చంట్ స్ట్రీట్, తమిళంలో పవళక్కార తెరు. మా ఇంటికి రెండు వీధుల అవతల. 17వ శతాబ్దం చివర పోర్చుగీసు మూలాలున్న యూదు వర్తకులు లండన్ నుంచి వచ్చి మద్రాసులో ఉండి పగడాల వ్యాపారం చేశారు. మధ్యధరా సముద్రంలో తీసిన ఎర్ర పగడం ఇటలీలోని లివోర్నో రేవునుంచి, లండన్ మీదుగా ఇక్కడికి వచ్చేది. ఇక్కడినుంచి గోల్కొండ వజ్రాలు అటు పోయేవి. వాళ్ళలో జాక్ డి పైవా అనే ఆయన గోల్కొండ గనుల దాకా వెళ్ళి వచ్చి 1687లో ఇక్కడే పోయాడు. 1688లో మద్రాసు కార్పొరేషన్ మొదలైనప్పుడు ఆల్డర్మెన్లుగా యూదు వర్తకులూ కూర్చున్నారు, మన చిన్న వెంకటాద్రి లాంటి వర్తకులూ కూర్చున్నారు. మన ఆడవాళ్ళ మంగళసూత్రంలో నల్లపూసల మధ్య ఉండే పగడం వెనుక ఇంత ప్రయాణం ఉంది.

కానీ ఆ వీధిలో అమ్మింది ప్రాణం పోయిన పగడం, అంటే లోపలి ఎముక. పగడం రాయి కాదు, చెట్టు కాదు, అది ఒక జంతువు. సముద్రం దాటించి దాన్ని ప్రాణంతో ఇంట్లో పెట్టుకోవడం అనేది ఆ వర్తకులకు తట్టని సంగతి.

అది మొదట చేసింది ఇంగ్లండులో అన్నా థిన్ అనే ఆవిడ. 1846లో టార్కీ అనే సముద్రతీరపు ఊరినుంచి కొన్ని పగడాలను లండన్ తీసుకువచ్చింది. మొదట సముద్రపు నీళ్ళు తెప్పించి తరచుగా మార్చేది. తరువాత ఆ నీళ్ళనే కిటికీ దగ్గర నిలబడి ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఎత్తి పోయించేది, గాలి కలవాలని. మనం కాఫీ ఆర్చినట్టు. రోజూ అరగంట, ముప్పావుగంట ఆ పని చేసింది ఆవిడ ఇంటి పనిమనిషి. మరుసటి ఏడాది సముద్రపు మొక్కలు కూడా తొట్టెలో వేశారు. ఆ పగడాలు దాదాపు మూడేళ్ళు బతికాయి. పుస్తకాల్లో యజమానురాలి పేరు నిలిచింది. బతికించింది ఆ పనిమనిషి చేతులు అని నా అభిప్రాయం.

1853లో లండన్ జంతుశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట ఇంటింటికీ చేరింది. సముద్రం దూరంగా ఉన్నవాళ్ళ కోసం నాలుగు లవణాలు కలిపి సముద్రపు నీళ్ళు తయారుచేసే పద్ధతి కూడా ఆయనే చెప్పాడు. ఇవాళ మా మనవడు బకెట్లో కలిపే ఉప్పు పొడికి మూలం అదే. వంట ఉప్పు ఒక్కటే చాలదు. అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం సరిపడా ఉండాలి.

మరి మన మద్రాసు? 1909 అక్టోబరు 21న మెరీనాలో సముద్రపు చేపల అక్వేరియం తెరిచారు. దానికి పూనుకున్నది ఎగ్మూరు మ్యూజియం సూపరింటెండెంట్‌గా చేసిన ఎడ్గర్ థర్స్టన్. కులాల మీద పుస్తకాలు రాసిన థర్స్టన్ ఈయనే. మన్నారు గల్ఫ్‌లో ముత్యపు చిప్పల మీద కూడా పనిచేశాడు. పదేళ్ళు మ్యూజియం చూసుకుంది, 1919లో మత్స్యశాఖకు ఇచ్చారు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మద్రాసు ఖాళీ అయింది. ఆఫీసులు ఊళ్ళు మారాయి. మూర్ మార్కెట్ పక్కన పీపుల్స్ పార్కు జంతుశాలలో సింహాలను, పులులను కాల్చి చంపారు, బాంబులకు బోనులు పగిలితే వీధుల్లోకి వస్తాయని. మెరీనా అక్వేరియం కూడా ఆ ఏడాదే మూసేశారు. సముద్రం ఎదురుగానే ఉంది, కానీ తొట్టెలు చూసుకునే చేతులు లేకపోతే ఆ సముద్రం వల్ల ఏం లాభం?

మా తరానికి చేప అంటే మూర్ మార్కెటే. 1900లో తెరిచిన ఆ ఎర్ర కట్టడంలో పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, చిలకలు, సీసాల్లో చేపలు. మా నాన్న ఒకసారి నాకు ఫైటర్ చేప కొనిచ్చారు. 1985 మే 30న అది కాలిపోయింది. తరువాత ఆ చోటే సబర్బన్ స్టేషన్ కట్టారు. నేను ఎన్నో ఏళ్ళు కూర్చుని పనిచేసింది అక్కడే. చేపల సీసాలు వరసగా పెట్టిన చోట నేను రిజిస్టర్లు పెట్టుకున్నాను.

ఇళ్ళలో పగడం పెంచడం ఇటీవలి సంగతి. 1961లో జకార్తాలోని లీ చిన్ ఎంగ్ అనే ఆయన, సముద్రంలోంచి తెచ్చిన జీవమున్న రాళ్ళు, గాలి బుడగలు, ఎండ, ఈ మూడింటితో తొట్టె ఎలా నడుస్తుందో రాశాడు. ఆ రాళ్ళ రంధ్రాల్లో ఉండే సూక్ష్మజీవులే చేపల మలినాన్ని శుద్ధిచేస్తాయి. 1970లలో పీటర్ విల్కెన్స్ అనే ఆయన ఒక చిట్కా ప్రచారం చేశాడు. ఆవిరైన నీళ్ళకు బదులు సున్నపు తేట పోయమన్నాడు. తమలపాకుకు రాసే సున్నమే, నీళ్ళలో కలిపి తేరనిస్తే పైన నిలిచే తేట. పగడానికి ఎముక కట్టడానికి కాల్షియం కావాలి కదా. ఇందులో విచారించాల్సింది ఒకటి ఉంది. తూత్తుకుడి దగ్గర ఏళ్ళ తరబడి పగడపు దిబ్బలను తవ్వి సున్నానికి కాల్చారు. మన్నారు గల్ఫ్‌లోని 21 దీవుల్లో రెండు ఆ తవ్వకాల వల్లే మునిగాయి. ఒకచోట పగడాన్ని కాల్చి సున్నం చేశాం, మరోచోట సున్నం పోసి పగడాన్ని పెంచుతున్నాం.

2001 నుంచి దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉన్నాయి. రామేశ్వరం వెళ్ళినప్పుడు ఎవరైనా అమ్మినా కొనకండి, తీరంలో దొరికినా తేకండి. మావాడి దగ్గర ఉన్నవి మెత్తటి రకాలు. క్లౌన్ చేపలు కూడా తొట్టెల్లో గుడ్లు పెట్టించి పెంచినవి. ఆ విద్యను మన దేశంలో పెంపొందించినవాళ్ళలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఒకటి. అది కూడా 1947లో మన మద్రాసు విశ్వవిద్యాలయంలో పుట్టి, తరువాత మండపం వెళ్ళింది.

ఇప్పుడు రోజువారీ పని. నేను నేర్చుకున్నది రాస్తాను, మీ ఇళ్ళలో పిల్లలు తొట్టె అడిగితే పనికొస్తుంది.

రోజూ పొద్దున వేడి చూడాలి. 25, 26 డిగ్రీలు మంచిది. మన మే నెలలో 30 దాటితే ప్రమాదం. పగడం లోపల కాపురముండే సూక్ష్మమైన నాచే దానికి తిండి పెడుతుంది, వేడి ఎక్కువైతే పగడం దాన్ని బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. 1998లో, 2016లో మన్నారు గల్ఫ్‌లోనే అలా అయింది. నీళ్ళమీద ఫ్యాను పెడితే రెండు డిగ్రీలు తగ్గుతుంది, కానీ నీళ్ళు ఎక్కువ ఆవిరవుతాయి. ఆవిరైన దానికి మంచినీళ్ళే, ఉప్పునీళ్ళు కాదు. కొళాయి నీళ్ళు కూడా వద్దు, నాచు పట్టేస్తుంది. మేత రెండు నిమిషాల్లో తినేంతే వేయాలి.

నురగతో మురికిని పైకి లాగే స్కిమ్మరు గిన్నె రెండు మూడు రోజులకొకసారి కడగాలి. వారానికొకసారి పదోవంతు నీళ్ళు, అంటే 25 లీటర్లు మార్చాలి. దానికి తొమ్మిదివందల గ్రాములకు అటూఇటూ ఉప్పు పొడి ముందురోజే కలిపి, మోటారు తిప్పి, కొలిచి పెట్టుకోవాలి. మా వీధినుంచి సముద్రం నడక దూరమే, అయినా ఆ నీళ్ళు తేలేం. ఇటు హార్బరు, అటు కూవం. వారానికొకసారి కాల్షియం, క్షారగుణం పరీక్ష. నెలకొకసారి పంపులకు పట్టిన సున్నపు పెచ్చును వెనిగర్‌లో నానబెట్టి తీయాలి. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు తప్పకుండా ఉండాలి.

ఇందులో ఏదీ గొప్ప విద్య కాదు. రోజూ మానకుండా చేయడమే కష్టం.

ఎక్కించిన ఉప్పును ఒక్కరోజులో దించకూడదట, అదీ దెబ్బే. కొద్దికొద్దిగా నీళ్ళు తీసి మంచినీళ్ళు పోస్తూ వారం రోజులు పట్టింది. గుండీ పగడాల్లో సగం పోయాయి. తోలు పగడం పైపొర ఊడ్చుకుని మూడు వారాలు ముడుచుకునే ఉంది. చేపలు తట్టుకున్నాయి.

ఆ మూడు వారాలు వాడు నన్ను గదిలోకి పిలవలేదు. నేనే ఒక పాత రిజిస్టరు తీసి గళ్ళు కొట్టాను. తేదీ, వేడి, ఉప్పు, పోసిన నీళ్ళు లీటర్లలో, ఏ డబ్బా, సంతకం. వాడికి చూపించాను. చదివి, "ఏ డబ్బా" అన్న గడి దగ్గర నవ్వేశాడు. ఇప్పుడు పొద్దున సంతకం నాది, సాయంత్రం వాడిది. నిన్న తోలు పగడం మళ్ళీ వేళ్ళు చాచింది. రిజిస్టరులో ఆ మాట రాయడానికి గడి లేదు, పక్కన మార్జిన్‌లో రాశాడు.

సభ్యుల్లో పెద్దవాళ్ళెవరైనా మెరీనా అక్వేరియం గురించి తల్లిదండ్రుల నోట విన్నవి ఉంటే దయచేసి కింద రాయండి. పాత ఫోటో ఏదైనా ఇంట్లో ఉంటే పెట్టండి. తమిళంలో రాసినా సరే, నేనే తెలుగు చేసి పెడతాను.

మళ్ళీ కలుద్దాం.