కాశీ హిందూ విశ్వవిద్యాలయ విరాళాల సేకరణ

భారతదేశంలో వ్యక్తుల విరాళాలతో పెద్ద విద్యాసంస్థను నిలబెట్టిన ఉద్యమాల్లో ఇది ప్రముఖమైనది. న్యాయవాద వృత్తిని వదులుకున్న మదన్ మోహన్ మాలవీయ (1861–1946) దీనికి సారథ్యం వహించారు. 1911లో ఏర్పడిన హిందూ విశ్వవిద్యాలయ సంఘానికి దర్భంగా మహారాజు రామేశ్వర్ సింగ్ అధ్యక్షుడు.

సేకరణ విధానం: మాలవీయ బృందం ఊరూరా తిరిగి సభలు జరిపింది. రాజులు, జమీందారులు, వర్తకులతో పాటు సామాన్యులూ తమకు తోచినంత ఇచ్చారు. దర్భంగా మహారాజు 5 లక్షల రూపాయలిచ్చారు. కాశీ మహారాజు ప్రభునారాయణ్ సింగ్ ప్రాంగణానికి సుమారు 1,300 ఎకరాల భూమి సమకూర్చారు. అనీ బిసెంట్ 1898లో స్థాపించిన సెంట్రల్ హిందూ కళాశాల కొత్త సంస్థకు పునాది అయింది.

మూలనిధి: 1915 నాటి చట్టం 50 లక్షల రూపాయల శాశ్వత నిధిని తప్పనిసరి చేసింది. సంస్థానాధీశులు ఏటా ఇస్తామన్న శాశ్వత గ్రాంట్లను, దానంగా వచ్చిన స్థిరాస్తుల ఆదాయాన్ని మూలధనం విలువగా లెక్కగట్టి, ఆ మేరకు ఈ మొత్తాన్ని తగ్గించే వీలు కల్పించింది. వసూలైన సొమ్ము ఒకేసారి ఖర్చయిపోకుండా, అసలు నిలిచి రాబడితో చదువు సాగాలన్నదే ఈ ఏర్పాటులోని దూరదృష్టి.

తరువాతి కాలం: 1916 ఫిబ్రవరి 4న శంకుస్థాపన జరిగింది. మాలవీయ 1919 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు ఉపకులపతిగా ఉంటూనే విరాళాల కోసం తిరిగారు. ఆయన తరువాత, అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ బాధ్యత స్వీకరించారు. దాతల నమ్మకమే ఆస్తిగా ఎదిగిన ఈ సంస్థ నేటి విద్యాసేవా సంస్థలకు ఆదర్శప్రాయం.